మనం మింగని మాత్ర
(డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితం – మనం నేర్చుకోవలసిన పాఠం)



ఈ ప్రత్యేక సంచికకు అంటువ్యాధుల గురించి, వాటి నివారణ గురించి ఒక వ్యాసం రాయవలసిందిగా మన సంఘ కార్యదర్శిగారు నన్ను కోరారు. నేను డాక్టరును కాను. శ్రీహరికోటలో సివిల్ మెయింటెనెన్స్ పనుల్లో ముప్పై ఆరేళ్ళు గడిపి 2014లో రిటైరైనవాడిని. అందరూ ఆకాశం వైపు చూసే చోట నేను మురుగు కాలువల వైపు, సెప్టిక్ ట్యాంకుల వైపు చూస్తూ సర్వీసు పూర్తి చేశాను. అయినా ఈ వ్యాసం రాయడానికి ఒప్పుకున్నాను. కారణం, ఒక మహనీయునికి మా కుటుంబం పడిన బాకీ. ఆయన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆయన కథ చెబితే అంటువ్యాధుల కథ దానంతట అదే వస్తుంది.

మా అమ్మ కాలు

మాది భీమవరం దగ్గర ఒక పల్లెటూరు. చుట్టూ వరిచేలు, పంట కాలువలు, ఇళ్ళ మధ్య మురుగు గుంటలు. మా అమ్మకు ఎడమకాలు బోదకాలు. నాకు ఊహ తెలిసేసరికే ఆ కాలు మోకాలి కింద నుంచి స్తంభంలా ఉండేది. ఏడాదిలో మూడు నాలుగు సార్లు చలిజ్వరం వచ్చి, గజ్జల్లో బిళ్ళ కట్టి, కాలు ఎర్రబడి మండిపోయేది. జ్వరం తగ్గేది గాని, వచ్చిన ప్రతిసారీ కాలు మరికొంత లావెక్కేది. అమ్మ చీర కుచ్చెళ్ళు నేలకు తగిలేలా కట్టుకుని ఆ కాలు దాచుకునేది. కొందరు పేరంటానికి పిలిచేవారు కారు. మా అక్కకు వచ్చిన ఒక మంచి సంబంధం, పెళ్ళివారు అమ్మ కాలు చూసిన తరువాత వెనక్కి పోయింది. ఆ రోజు అమ్మ వంటింట్లోంచి బయటికి రాలేదు.

బోదకాలు ఎందుకు వస్తుందో మా ఊళ్ళో తలకొక మాట చెప్పేవారు. నీటి గుణమన్నారు, వంశపారంపర్యమన్నారు, పాపఫలమన్నారు. తాకితే అంటుకుంటుందని భయపడినవారూ ఉన్నారు. ఇందులో ఒక్కటీ నిజం కాదు. ఒకసారి మా నాన్నగారు అమ్మను భీమవరంలో డాక్టరుగారికి చూపించారు. ఆయన హెట్రజాన్ అనే మాత్రలు రాసిచ్చారు. అవి వాడినా కాలు తగ్గలేదు. మందు పనికిరాదని అమ్మ తీర్మానించుకుంది. ఆ మాత్ర పుట్టుకకు కారకుడైన మనిషి మాకు నాలుగు మైళ్ళ దూరంలో పుట్టాడని అప్పుడు మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

తప్పిన పరీక్ష, తీరని దుఃఖం

సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. ఇప్పుడు అది పశ్చిమ గోదావరి జిల్లా కేంద్రం. అప్పట్లో చిన్న ఊరు. తండ్రి జగన్నాథంగారు, తల్లి వెంకమ్మగారు. సంసారం పెద్దది, రాబడి చిన్నది. కుర్రవాడికి చదువు మీద మొదట్లో అంత శ్రద్ధ ఉండేది కాదు. పదమూడేళ్ళ వయసులో ఇల్లు విడిచి, కాశీ వెళ్ళి యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు గడిద్దామని బయలుదేరితే, దారిలోంచి పట్టి తెచ్చారని ఆయన జీవితచరిత్ర రాసినవారు చెబుతారు. తండ్రి పోయిన తరువాత కొడుకును చదివించే భారం వెంకమ్మగారి మీద పడింది. ఆమె ఒంటిమీద నగలు కూడా చదువుకే పోయాయట. రాజమండ్రిలో మెట్రిక్యులేషన్ తప్పి, చివరకు మద్రాసు హిందూ హైస్కూలు నుంచి మూడో ప్రయత్నంలో గట్టెక్కారు.

ఇక్కడ నాకు మన ఎస్.ఎల్.వి.-3 గుర్తుకు వస్తుంది. 1979 ఆగస్టు 10న అది సముద్రం పాలైన రోజున కాలనీలో ఎవరి ఇంటా సరిగా అన్నం తినలేదు. మరుసటి ఏడాది జూలై 18న అదే రాకెట్ రోహిణిని కక్ష్యలో నిలిపింది. ఒకసారి తప్పినంత మాత్రాన చివరిదాకా తప్పినట్టు కాదని మనకంటే బాగా ఎవరికి తెలుసు?

యువకుడైన సుబ్బారావు రామకృష్ణ మిషన్‌లో చేరి సన్యాసం తీసుకోవాలనుకున్నారు. తల్లి ఒప్పుకోలేదు. సన్యాసం మాట అటుంచి, రోగులకు సేవ చేసే చదువు చదవాలని మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. పిల్లనిచ్చిన మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు చదువుకు సాయం చేశారు. గాంధీగారి పిలుపు విని ఖద్దరు కట్టడం మొదలుపెట్టారు. ఆపరేషను గదిలో కూడా ఖద్దరు దుస్తులే వేసుకున్నందుకు శస్త్రచికిత్స ఆచార్యునికి కోపం వచ్చింది. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. పట్టా రాలేదు. దానికన్నా తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే దక్కింది.

ఆ రోజుల్లోనే ఇంటి మీద పిడుగు పడింది. అన్న పురుషోత్తం, తమ్ముడు కృష్ణమూర్తి స్ప్రూ అనే గ్రహణి రోగంతో కొద్ది రోజుల తేడాలో చనిపోయారు. తిన్నది ఒంటికి పట్టక, విరేచనాలతో రక్తం క్షీణించి మనిషి కరిగిపోయే జబ్బు అది. సుబ్బారావుగారికీ ఆ జబ్బు సోకింది. ఆయుర్వేద వైద్యులు డాక్టర్ ఆచంట లక్ష్మీపతిగారి చికిత్సతో బతికి బయటపడ్డారు. ఆ తరువాత మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించారు. డాక్టరు చదువు చదివి కూడా సొంత అన్నదమ్ములను కాపాడుకోలేని అసహాయత ఆయనను చివరిదాకా వెంటాడింది. ఆయన చేసిన పనులన్నిటికీ మూలం అక్కడే ఉందని నాకనిపిస్తుంది.

సముద్రం దాటి

మామగారి సాయంతోను, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ అండతోను ఆయన అమెరికా ప్రయాణమయ్యారు. మూడేళ్ళలో తిరిగి వస్తానని భార్య శేషగిరిగారికి చెప్పారు. 1922 అక్టోబరు 26న బోస్టన్‌లో దిగారు. హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల చదువు. చేతిలో డబ్బు లేదు. మద్రాసులో వైద్యం చదివిన మనిషి బోస్టన్ ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరుగా, రోగుల మలమూత్ర పాత్రలు కడిగే పని చేసి పొట్టపోసుకున్నారు.

తరువాత జీవరసాయన శాఖలో ఫిస్క్ అనే ఆచార్యుని దగ్గర చేరారు. శరీర ద్రవాలలో భాస్వరం ఎంత ఉందో కొలిచే పద్ధతిని ఇద్దరూ కలిసి 1925లో ప్రకటించారు. ఫిస్క్–సుబ్బారావు పద్ధతి అని దానికి పేరు. మన పిల్లల్లో బయోకెమిస్ట్రీ చదివినవారిని అడిగితే చెబుతారు. కండరం పనిచేయడానికి కావలసిన శక్తి ఎక్కడ నిలువ ఉంటుందన్న పరిశోధనలో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఎ.టి.పి.ని వెలికితీశారు. ఎ.టి.పి.ని అదే కాలంలో జర్మనీలో లోమన్ కూడా కనుగొన్నారు. 1930లో పిహెచ్.డి. వచ్చింది. కాని హార్వర్డ్‌లో స్థిరమైన ఉద్యోగం మాత్రం రాలేదు. ప్రమోషన్ రాక బాధపడిన మన సభ్యులు ఈ సంగతి గుర్తుంచుకుంటే మంచిది. 1940లో ఆయన న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్ అనే ఊళ్ళో లెడర్లీ అనే మందుల కంపెనీ ప్రయోగశాలలో చేరి, కొద్ది కాలానికే పరిశోధనలన్నిటికీ డైరెక్టరయ్యారు.

అక్కడ గడిపినది ఎనిమిదేళ్ళే. ఆ ఎనిమిదేళ్ళలో ఆయన నడిపించిన బృందాలు చేసిన పని చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. 1945లో ఫోలిక్ ఆసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేశారు. అన్నదమ్ములను మింగిన స్ప్రూ రోగంలో రక్తహీనతకు అది మందయింది. ఈనాడు గర్భిణీ స్త్రీలకు ఇనుముతో కలిపి ఇచ్చే మాత్ర అదే. దానికి విరుగుడుగా తయారైన అమినాప్టెరిన్‌తో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తకాన్సర్ పిల్లలకు 1947లో చికిత్స మొదలుపెట్టారు. దాని తమ్ముడు మెథోట్రెక్సేట్. కీళ్ళవాతానికి డాక్టరు సలహాపై వారానికొక రోజు ఆ మాత్ర వేసుకునేవారు మన సంఘంలో కూడా ఉండవచ్చు.

ఇంకొక సంగతి పెన్షనర్లు ప్రత్యేకంగా వినాలి. బెంజమిన్ డుగ్గర్ అనే వృక్షశాస్త్ర ఆచార్యుడు డెబ్బై దాటి విశ్వవిద్యాలయం నుంచి రిటైరయ్యారు. ఆ వయసులో ఆయనకు ఈ ప్రయోగశాలలో పని ఇచ్చారు. ఆయన చోటు చోటు నుంచి మట్టి తెప్పించి పరీక్షిస్తూ, 1945లో బంగారు రంగు సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ కనుగొన్నారు. టెట్రాసైక్లిన్ మందులలో అదే మొదటిది. 1994 సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగు కలకలం రేగినప్పుడు టెట్రాసైక్లిన్ కోసం మందుల షాపుల ముందు జనం బారులు తీరిన దృశ్యం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. రిటైరైన మనిషి పనికిరాడని ఎవరైనా అంటే డుగ్గర్ పేరు చెప్పండి.

దోమ కడుపులో పురుగు

ఇక మా అమ్మ కాలి దగ్గరికి వస్తాను. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్ళిన అమెరికా సైనికులకు ఫైలేరియా సోకింది. అప్పటిదాకా దానికి నమ్మకమైన మందు లేదు. సుబ్బారావుగారి విభాగంలో వందలాది రసాయనాలను ఎలుకల మీద, కుక్కల మీద పరీక్షించి, చివరకు డైఈథైల్ కార్బమజీన్‌ను పట్టుకున్నారు. 1947లో అది హెట్రజాన్ పేరుతో వెలుగు చూసింది. ఇప్పుడు ప్రభుత్వం వారు పంచేది, డి.ఇ.సి. అని పిలిచేది ఆ మాత్రనే.

ఈ జబ్బు ఎలా వ్యాపిస్తుందో తెలుసుకుంటేగాని ఆ మందు విలువ తెలియదు. 1877లో పాట్రిక్ మాన్సన్ అనే డాక్టరు చైనాలో, రోగి రక్తంలోని ఫైలేరియా పిల్ల పురుగులు దోమ కడుపులో పెరగడం చూశారు. అయితే దోమ కాటుతో వ్యాపిస్తుందని ఆయనకు తట్టలేదు. దోమ పడిన నీళ్ళు తాగడం వల్ల అనుకున్నారు. ఆయన ప్రోత్సాహంతోనే రోనాల్డ్ రాస్ మన సికింద్రాబాదులో 1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశారు. ఫైలేరియా కూడా కాటు ద్వారానే వస్తుందని 1900 ప్రాంతంలో రుజువైంది.

పురుగులు మన శరీరంలోని శోషరస నాళాల్లో, అంటే కణజాలం నుంచి నీటిని వెనక్కి తీసుకుపోయే సన్నని కాలువల్లో కాపురం పెడతాయి. కొన్నేళ్ళు బతికి లక్షల కొద్దీ పిల్లలను కంటాయి. ఆ పిల్లలు పగలు లోపల దాగి, రాత్రి దోమ కుట్టే వేళకు రక్తంలోకి వస్తాయి. అందుకే ఆరోగ్యశాఖవారు రాత్రిపూట ఇంటికి వచ్చి వేలి నుంచి రక్తం తీస్తారు. దోమ ఆ రక్తం తాగితే, సుమారు రెండు వారాల్లో పిల్ల పురుగు దాని ఒంట్లో ఎదిగి మరొకరికి ఎక్కడానికి సిద్ధమవుతుంది. ఎన్నో కాట్లు పడితేగాని జబ్బు పాతుకోదు. పాతుకున్నాక వాపు కనబడడానికి ఏళ్ళు పడుతుంది. నాళాలు పాడైన తరువాత నీరు దిగక కాలు ఉబ్బుతుంది. మురుగు కాలువ పూడిపోతే వీధి మునగడం ముప్పై ఆరేళ్ళు చూసినవాడిని కనుక ఇది నాకు చెప్పగానే అర్థమైంది.

ఇప్పుడు మా అమ్మ ఎక్కడ పొరబడిందో చూడండి. హెట్రజాన్ ముఖ్యంగా రక్తంలో తిరిగే పిల్ల పురుగులను చంపుతుంది. పాడైపోయిన నాళాన్ని బాగుచేయదు, ఉబ్బిన కాలిని తగ్గించదు. ఒకరి రక్తం నుంచి మరొకరికి పోయే దారిని తెగ్గొడుతుంది. కనుక అది కాలు ఉబ్బినవారికంటే, పైకి ఏమీ కనబడకుండా రక్తంలో పురుగులు మోస్తున్నవారికి ఎక్కువ అవసరం. అలా మోస్తున్నది ఎవరో చూస్తే తెలియదు. అందుకే ఊరంతా మింగాలి.

చైనాలో ఈ మందును ఉప్పులో కలిపి జనానికి వాడించారు. దోమల నిర్మూలన, రోగుల చికిత్స కూడా సాగించి 2007 నాటికి దేశం నుంచి ఈ జబ్బును తొలగించినట్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు పొందారు. 2016లో మన పొరుగున శ్రీలంక కూడా ఆ గుర్తింపు పొందింది. మన దేశంలో 1955లోనే జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది. 2004 నుంచి జబ్బు ఉన్న జిల్లాల్లో ఏడాదికొకసారి అందరికీ మాత్రలు పంచడం ఆరంభమైంది.

నా తప్పు

ఇప్పుడు చెప్పక తప్పని సంగతి. మాత్రలు పంచడం మొదలైన కొన్నేళ్ళకు, ఒక సెలవులో నేను మా ఊరు వెళ్ళాను. ఆరోగ్య కార్యకర్త ఇంటికి వచ్చింది. ఎండలో తిరిగి తిరిగి వచ్చిన పిల్ల. అందరికీ లెక్కపెట్టి ఇచ్చింది. నాకేం జబ్బు లేదు, ఈ మాత్రతో అమ్మకు ఒరిగిందేమీ లేదు అనుకుని, భోజనం చేసి వేసుకుంటానని చెప్పి జేబులో వేసుకున్నాను. ఆమె నమ్మి రిజిస్టరులో రాసుకుని వెళ్ళిపోయింది. సాయంత్రం వాటిని పెరట్లో పారేశాను. మా తమ్ముడు చూశాడు. శ్రీహరికోటలో ఉద్యోగం చేసే అన్నయ్యే పారేశాడంటే అందులో ఏదో ఉండే ఉంటుందని వాడూ పారేశాడు. ఆ తరువాతి సంవత్సరాల్లో కూడా వాడు మింగలేదు. ఎవరైనా అడిగితే నా పేరు చెప్పేవాడట.

2016లో తమ్ముడి కుడికాలు వాచింది. చలిజ్వరం, గజ్జల్లో బిళ్ళ. నేను చిన్నతనంలో చూసిన వరుసే. ఆ మాత్రలు మింగి ఉంటే వాపు వచ్చేది కాదని డాక్టరుగారు చెప్పలేదు. అప్పటికే లోపల జబ్బు ఉండి ఉండవచ్చునన్నారు. నేనూ అలా అనలేను. కాని రక్తంలో పురుగులు ఉండగా మందు మానిన ఇన్నేళ్ళలో, వాడిని కుట్టిన దోమలు ఇంకెవరి ఇంటికి వెళ్ళాయో అన్న ప్రశ్న నన్ను నిద్రపోనివ్వదు. ఆ ఇంట్లోనే మా మరదలు, పిల్లలు, ఇప్పుడు మనవరాలు ఉన్నారు. తమ్ముడు ఈ విషయంలో నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

ఆ సంవత్సరమే నేను సుబ్బారావుగారి జీవితం శ్రద్ధగా చదివాను. అన్నను, తమ్ముడిని జబ్బు పట్టుకుపోతే ఆ మనిషి ప్రపంచంలో అన్నదమ్ములందరి కోసం మందులు వెదికాడు. ఆ మందు ఇంటికి నడిచి వస్తే నేను పెరట్లో పారేశాను.

ముగిసిన ప్రయాణం

మూడేళ్ళని వెళ్ళిన సుబ్బారావుగారు తిరిగి రాలేదు. పుట్టిన కొడుకును చూడలేదు. ఆ బిడ్డ పసితనంలోనే పోయాడు. శేషగిరిగారు ఎదురుచూస్తూనే ఉండిపోయారు. ఆయన కీర్తి చెప్పుకునేటప్పుడు ఆమె త్యాగాన్ని మరచిపోకూడదు. 1948 జూలైలో ఆరియోమైసిన్ సంగతి లోకానికి ప్రకటించారు. ఆగస్టులో ఒక రాత్రి నిద్రలోనే ఆయన గుండె ఆగింది. వయసు 53. అమెరికా పౌరసత్వం తీసుకోకుండానే, స్వతంత్ర భారతదేశాన్ని చూడకుండానే వెళ్ళిపోయారు. నోబెల్ బహుమతి రాలేదు. ఒక బూజు జాతికి శాస్త్రజ్ఞులు ఆయన పేరు పెట్టారు. శతజయంతి సంవత్సరమైన 1995లో మన తపాలా శాఖ స్టాంపు విడుదల చేసింది.

మనం చేయవలసినవి

1. ఫైలేరియా మాత్రలు పంచడానికి వస్తే కార్యకర్త ఎదుటే మింగాలి. పరగడుపున వద్దు. రెండేళ్ళ లోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్రమైన జబ్బుతో ఉన్నవారికి ఇవ్వరు. బి.పి., షుగరు అదుపులో ఉన్నంత మాత్రాన మానుకోనక్కరలేదు. సందేహముంటే డాక్టరును అడగండి.

2. మింగిన తరువాత కొందరికి జ్వరం, తలనొప్పి, తల తిరుగుడు రావచ్చు. రక్తంలో పురుగులు చస్తున్నందువల్ల వచ్చేవి అవి. ఒకటి రెండు రోజుల్లో తగ్గుతాయి. భయపడి ప్రచారం చేయకండి.

3. ఫైలేరియా దోమ మురికినీటిలో పెరుగుతుంది. సెప్టిక్ ట్యాంకు మూత బిగుతుగా ఉండాలి. గాలిగొట్టానికి సన్నని జాలీ కట్టాలి. ఇది నా సర్వీసులో నేను నేర్చుకున్న అతి చవకైన వైద్యం. డెంగీ దోమ ఇంట్లో నిలవ ఉన్న మంచినీటిలో పెరిగి పగలు కుడుతుంది. కూలర్లు, తొట్లు, కొబ్బరి చిప్పలు వారానికొకసారి ఖాళీ చేసి ఆరబెట్టాలి.

4. సాయంత్రం తలుపులు మూసి, రాత్రి దోమతెర కట్టుకుని పడుకోవాలి.

5. కాలు వాచినవారు రోజుకు రెండుసార్లు సబ్బుతో కడిగి, వేళ్ళ సందులు తడి లేకుండా తుడవాలి. పగుళ్ళు ఉంటే మందు రాయాలి. కూర్చున్నప్పుడు, పడుకున్నప్పుడు కాలు ఎత్తుగా ఉంచాలి. చెప్పులు లేకుండా నడవకూడదు. ఇలా చేస్తే జ్వరాలు తగ్గుతాయి, వాపు పెరగదు.

6. రోగిని దూరం పెట్టకండి. తాకితే అంటుకోదు. పేరంటానికి పిలవండి.

ఈ అయిదో సూత్రాన్ని మా తమ్ముడు ఇప్పుడు నియమంగా పాటిస్తున్నాడు. కొన్నేళ్ళుగా జ్వరం రాలేదు. ఊరు వెళ్ళినప్పుడల్లా సాయంత్రం వాడి కాలు కడిగి తుడిచే పని నేను తీసుకుంటాను. మొదట్లో వద్దనేవాడు, ఇప్పుడు అనడం లేదు. అమ్మకు ఈ సేవ చేయాలని అప్పుడు ఎవరికీ తెలియలేదు.

పులికాట్ దాటి ఇటు వచ్చిన మనమందరం విజ్ఞానం నీడలో బతికి, విజ్ఞానం ఇచ్చిన పెన్షను తింటున్నాం. భీమవరంలో పుట్టి పెర్ల్ రివర్‌లో కన్నుమూసిన ఆ మహనీయుని విగ్రహానికి దండ వేసే అవకాశం అందరికీ రాదు. ఆయన మాత్ర గడప దగ్గరికి వచ్చినప్పుడు నోరు తెరిచి మింగడం మాత్రం ప్రతివారికీ సాధ్యం. నేను ఆ పని ఆలస్యంగా నేర్చుకున్నాను. మీరు ఆలస్యం చేయవద్దని చేతులు జోడించి కోరుతున్నాను.

సెలవు.